హాయి పట్టణం ముందు పదిహేను గజాలు

ప్లమ్ ఫోర్క్, కాన్సస్
1925 సెప్టెంబరు 14

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు డెల్మర్‌కి,

అక్క టిర్జా వందనాలు. ఆయన దయవల్ల నేనూ, మన జీనుల దుకాణమూ క్షేమం. గోధుమలు అమ్ముకున్నాక ఊళ్ళో ప్రతివాడికీ గుర్రానికి కొత్త జీను కావాలని గుర్తొచ్చింది. వారమంతా తోలు కుట్టడం, ఆదివారం బడిగదిలో వాక్యం చెప్పడం. రెండింటికీ సూది పదునుగానే ఉండాలి.

నిన్న కూటం అయ్యాక పొరుగింటి లవీనియా పట్టుకుంది.

"మీ తమ్ముడు ఎబెనెజరు కాలేజీలో ఏం చెప్తాడు టిర్జా? గ్రీకా, లెక్కలా?"

"ఆటలు చెప్తాడు."

"అదేంటమ్మా, మా వాళ్ళకి ఎవరూ చెప్పకుండానే వచ్చేశాయే!"

ఏడేళ్ళ నుంచీ అక్కడ కోచ్ పని చేస్తున్నావు, అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. శరత్కాలమంతా ఫుట్‌బాల్ అంటావు. పేరేమో కాలిబంతి, మోసేదేమో చంకలో. అదైనా గుండ్రంగా ఉంటుందా అంటే, పెద్దబాతు గుడ్డులా ఉంటుందట. దాన్ని పట్టుకుని పరుగెత్తేవాడి మీద పదకొండుమంది పడి మట్టి కరిపిస్తారట. మంచు పడగానే బాస్కెట్‌బాల్ అంటావు. బుట్ట నింపాలనుకుంటే ఇక్కడ బంగాళాదుంపలు తవ్వాల్సినవి బోలెడున్నాయి, రా.

అమ్మ పోయాక ఈ బల్ల మీదే కూర్చోబెట్టి, ఒక చేత్తో తోలు కుడుతూ, నీకు అక్షరాలు నేర్పాను. నేర్పింది బైబిల్లోని యెహోషువ గ్రంథంలోంచి. ఆ చదువు ఎక్కడికి పోయింది? యాకోబు దేవదూతతో కుస్తీ పట్టాడు, ఒప్పుకుంటాను. కానీ చూడ్డానికి టికెట్టు పెట్టలేదు.

కోపంతో కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నాను. నీ ఆటల్లో దేవుడెక్కడున్నాడు?

నీ అక్క,
టిర్జా


ఎబెనెజరు కళాశాల, కార్బెట్, కాన్సస్
1925 సెప్టెంబరు 27

అక్కా,

నీ ప్రశ్నకు జవాబు ఆలోచిస్తూ నిన్న మైదానమంతా గడ్డి కోశాను. కోచ్ అంటే గడ్డి కోసేవాడు కూడా నేనే. సున్నంతో గీతలు గీసేదీ, బెణికిన చీలమండలకు కట్టు కట్టేదీ, పొద్దున శరీరశాస్త్రం పాఠం చెప్పేదీ నేనే. అందులో దేవుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. కానీ వర్షంలో ఒకడు కిందపడితే, ఇంతకుముందు వాడితో మాటల్లేనివాడు వచ్చి చెయ్యి అందిస్తాడు చూడు, అప్పుడు దగ్గరలోనే ఉన్నాడనిపిస్తుంది.

నిన్ను కంగారుపెట్టకుండా ఒక సంగతి చెప్పాలి. కళాశాల ధర్మకర్తలకు పెద్ద, చర్చి వ్యవహారాలు చూసే డీకన్ స్ట్రిక్లర్. మంచి మనిషే, కానీ నవ్వితే పళ్ళకు జలుబు చేస్తుందన్నట్టు ఉంటాడు. "కోచ్ బదులు ఇంకో గ్రీకు మాస్టరును పెట్టుకుంటే పిల్లలు బాగుపడతారు" అని ఆయన వాదన. నవంబరు చివర, కృతజ్ఞతా పండుగ రోజు లోగన్‌వేల్ కళాశాలతో మా పెద్ద ఆట. అది అయ్యాక ధర్మకర్తలు కూర్చుని ఓటు వేస్తారు. ఆటలనూ, నన్నూ ఉంచాలా వద్దా అని. గెలిస్తే వాళ్ళకు నన్ను తీసెయ్యడం కష్టం. ఓడితే తోలు కుట్టడానికి నీ పక్కన ఇంకో ముక్కాలిపీట వెయ్యి.

లోగన్‌వేల్ వాళ్ళు ఒక్కొక్కడూ ధాన్యం కొట్టంలా ఉంటారు. మా వైపు పెద్దవాడంటే గున్నార్ ఒక్కడే. స్వీడన్ రైతు కొడుకు, ఎద్దు మెడ, ఎద్దంత నిదానం. వచ్చే శనివారం లోగన్‌వేల్ వెళ్ళి, జనంలో కూర్చుని, వాళ్ళ ఆట వేగు చూసి వస్తాను.

నాకోసం ప్రార్థించు. ఆట కోసం కాకపోయినా సరే.

డెల్మర్


ప్లమ్ ఫోర్క్
1925 అక్టోబరు 6

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఇది చెప్పు. యెహోషువ పంపిన వేగులవాళ్ళు యెరికోలో ఎవరింట్లో దిగారో గుర్తుందా? రాహాబు అనే వేశ్య ఇంట్లో! ఆవిడ తరవాత మారుమనస్సు పొందింది, కాదనను. కానీ వేగు చూడ్డానికి వెళ్ళినవాడికి అలాంటి ఇళ్ళే తగులుతాయి. నువ్వు లోగన్‌వేల్‌లో ఎక్కడ దిగావు? ఆవిడ ఎవరు? ఏ సంఘం?

ఇక ఆ డీకన్ మాట. గ్రీకు మంచిదే. పౌలుకూ వచ్చు. అయినా ఆయన పందెంలో పరుగెత్తేవాళ్ళ గురించి, గుద్దులాడేవాళ్ళ గురించి రాశాడంటే, ఎప్పుడో ఓసారి మైదానం గట్టున నిలబడి చూసే ఉంటాడు. ఆ ముక్క డీకన్ చెవిన వెయ్యి.

మీవాళ్ళకు బలం చాలదంటావు. అయితే పారిపోండి! తిట్టడం లేదురా. యెహోషువ ఎనిమిదో అధ్యాయం తియ్యి. హాయి పట్టణం మీదికి మొదటిసారి పొగరుగా వెళ్ళి ఇశ్రాయేలీయులు చితికి వచ్చారు. రెండోసారి ఏం చేశారు? కొందరు పట్టణం వెనక పొంచి ఉన్నారు. మిగిలినవాళ్ళు హాయివాళ్ళ ముందుకెళ్ళి, భయపడినట్టు నటించి వెనక్కి పరుగు లంకించుకున్నారు. హాయివాళ్ళు "అదిగో, మళ్ళీ పారిపోతున్నారు!" అంటూ తలుపులు బార్లా తెరిచేసి వెంటపడ్డారు. యెహోషువ బల్లెం చాపాడు. పొంచి ఉన్నవాళ్ళు లేచారు. పట్టణం పోయింది! బల్ల గుద్ది చెబుతున్నాను, ఇంతకంటే చక్కటి ఎత్తు నీ ఆటల పుస్తకాల్లో ఉంటే చూపించు.

నువ్వు మన కంచరగాడిదను వాగు దాటించింది ఎలా? ముందుకు లాగితే కదలలేదు. వెనక్కి నెట్టావు, అది మొండికేసి ముందుకు దూకింది. అప్పుడు నీకు పదహారేళ్ళు. అప్పుడే యెహోషువ తెలిసినవాడివి.

రాహాబు సంగతి వెంటనే రాయి.

టిర్జా


కార్బెట్
1925 అక్టోబరు 20

అక్కా,

నేను దిగింది ఒక మెథడిస్టు విధవరాలి పూటకూళ్ళ ఇంట్లో. ఆవిడకు డెబ్బై దాటాయి. చెవుడు. మూడు పూటలా ఉడకబెట్టిన ఎండు పళ్ళు పెట్టింది. మారుమనస్సు అవసరమైంది నా కడుపుకే.

నీ ఎనిమిదో అధ్యాయం మాత్రం నన్ను కుదిపేసింది. లోగన్‌వేల్ వాళ్ళను చూశాను కదా, వాళ్ళకు ఒకటే తెలుసు. ఎవడు పారిపోతుంటే వాడి వెంట గుంపుగా పడటం. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మావాళ్ళను గడ్డిలో కూర్చోబెట్టి అధ్యాయమంతా చదివించాను. బంతి పట్టుకున్నవాడు భయపడినట్టు వెనక్కి పరుగెత్తాలి. ముందు అడ్డంగా నిలబడే లైను కూలిపోయినట్టు దారి వదలాలి. అందరూ మీదికొచ్చాక, పక్కన నక్కి ఉన్నవాడి చేతికి బంతి విసరాలి.

గున్నార్ చెయ్యెత్తాడు. "కోచ్, ఆ హాయివాళ్ళ లైను బరువెంత ఉంటుంది?"

"పన్నెండు వేలమంది, గున్నార్."

"అయితే పారిపోవడమే మేలు" అన్నాడు.

ఇప్పుడు రోజూ సాధన ముందు ఒకడు ఆ అధ్యాయం చదువుతాడు. ఆ ఎత్తుకు వాళ్ళే 'హాయి' అని పేరు పెట్టుకున్నారు.

నాకు కష్టమైనది ఒక్కటే. ఆట మొదలయ్యాక నేను నోరు విప్పకూడదు. ఒక్క మాట అననివ్వరు, ఒక్క సైగ కూడా చెయ్యనివ్వరు. బల్ల మీద కూర్చుని టోపీ అంచు నములుతుంటాను. వెనక వరసలోంచి డీకన్ స్ట్రిక్లర్ నా మెడ వంక చూస్తుంటాడు.

డెల్మర్


ప్లమ్ ఫోర్క్
1925 నవంబరు 9

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చేతిలో దబ్బనం కింద పారేశాను. నోరు విప్పనివ్వరా! యెహోషువ గ్రంథం నేర్పుతున్నావని ఆ డీకన్ నీ నోరు కట్టించాడా? పేతురునూ యోహానునూ కూడా పెద్దలు ఇలాగే కూర్చోబెట్టి, ఇక మాట్లాడొద్దని గదమాయించారు. వాళ్ళు ఆగారా? నువ్వు మెత్తనివాడివి. టోపీ నములుతూ కూర్చుంటావు. క్విన్‌బీ వంశంలో అందరూ అలా ఉండరు.

కృతజ్ఞతా పండుగకు నేను వస్తున్నాను. నీకు నోరు లేకపోతే నా నోరు ఉంది. గాలికి ఎదురుగా నిలబడి పిలిస్తే మూడు పొలాల అవతల దున్నేవాడు నాగలి ఆపే నోరు. రేపే బయలుదేరుతున్నాను. దారిలో రెండు ఊళ్ళలో కూటాలున్నాయి. అక్కణ్ణించి నేరుగా కార్బెట్ రైలెక్కుతాను. కాబట్టి ఇక్కడికి జవాబు రాయకు.

అమ్మ నల్ల గొడుగు తెస్తున్నాను.

టిర్జా


కార్బెట్
1925 నవంబరు 13

అక్కా,

రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఎక్కడో ఒకచోట నీకు అందాలని ప్రార్థన.

నా నోరు కట్టింది డీకన్ కాదు. అది ఆట నియమం! ఏ కళాశాలలోనైనా, ఏ కోచ్ అయినా అంతే. ఆట నడుస్తుండగా గట్టు మీంచి మావైపు వాళ్ళెవరైనా సలహా ఇస్తే తీర్పరి పదిహేను గజాలు వెనక్కి పంపిస్తాడు. డీకన్ గురించి నువ్వనుకున్నది తప్పు. ఆయన్ను ఏమీ అనకు.

రా, తప్పకుండా రా. నిన్ను చూసి రెండేళ్ళయింది. చర్చి ఆడవాళ్ళతో పాటు పై వరసలో కూర్చుని కేకు తిను. అరవకు. అక్కా, దయచేసి అరవకు.

డెల్మర్


ప్లమ్ ఫోర్క్
1925 నవంబరు 30

ప్రియమైన తమ్ముడూ,

ఇంటికి రాగానే తలుపు కింద నీ ఉత్తరం దొరికింది. నిలబడే చదివాను. తరవాత కూర్చున్నాను.

ఆట అవగానే నీకు మొహం చూపించలేక రైలెక్కేశాను. నువ్వు బల్ల ఆ చివర ఉన్నావు, ఈ చివర ఏం జరిగిందో నీకు సరిగా తెలిసి ఉండదు. చెబుతాను.

నేను పై వరసలో కూర్చోలేదు. మైదానం చుట్టూ కట్టిన తాడు ఎత్తి, కిందనుంచి దూరి, మీ మిగులు ఆటగాళ్ళ పక్కన నిలబడ్డాను. ఒక కుర్రాడు దుప్పటి కప్పాడు, మంచివాడు. వాళ్ళకు మూడు పాయింట్లు, మనకు సున్నా. పొద్దు వాలుతోంది. నీ కేసి చూస్తే టోపీ సగం తినేశావు. నా గుండె రగిలింది. మనవాళ్ళు వరసకట్టారు. ఆ నిమిషంలో నా లోపల యెహోషువ లేచాడు! గొడుగెత్తి లోగన్‌వేల్ వైపు చాపి, "హాయి! హాయి మీదికి! యెహోషువా, బల్లెం చాపు!" అని అరిచాను.

ఎంత అందంగా పారిపోయారురా మనవాళ్ళు! గున్నార్ అయితే కోసిన గడ్డిలా పడ్డాడు. ఆ ధాన్యం కొట్టాలన్నీ వెంటపడ్డాయి. బంతి వాళ్ళ తలల మీదుగా వెళ్ళింది. పక్కన నక్కినవాడు ఒంటరిగా గీత దాటాడు, మనకు ఆరు పాయింట్లు! నేను దుప్పటి గాల్లోకి విసిరాను. అంతలో తెల్లచొక్కా, నల్ల బో కట్టుకున్న తీర్పరి ఈల ఊదుకుంటూ నా దగ్గరికే వచ్చాడు.

"అమ్మా, ఆ ఎత్తు పిలిచింది మీరేనా?"

"పిలిచింది యెహోషువ. నేను గుర్తుచేశాను."

"మీరు ఈ జట్టు మనిషేనా?"

"కోచ్‌కి సొంత అక్కని!"

"అయితే ఇంకా తప్పు" అన్నాడు. ఆ ఆరు పాయింట్లు చెరిపేశాడు. పదిహేను గజాలు వెనక్కి అన్నాడు. అక్కణ్ణించి మనవాళ్ళు మళ్ళీ లేవలేదు.

బిలాము గాడిద ఒక్కసారి నోరు తెరిచి యజమానిని కాపాడింది. నేను ఒక్కసారి నోరు తెరిచి నిన్ను ముంచాను. నాకంటే గాడిద నయం. ఓటు ఏమైంది? ముక్కాలిపీట తుడవనా?

నీ తెలివితక్కువ అక్క


కార్బెట్
1925 డిసెంబరు 8

అక్కా,

పీట తుడవకు, పారెయ్యనూ వద్దు.

మొదట ఒక మాట. నీమీద ఎవరికీ కోపం లేదు. నీకు దుప్పటి కప్పినవాడు "మా జట్టులో ఆవిడే గట్టి మనిషి" అంటున్నాడు. నాక్కూడా కోపం లేదు. ఏడేళ్ళలో మావాళ్ళు అంత చక్కగా ఆడిన ఎత్తు లేదు. లెక్కలోకి రాలేదంతే.

కానీ కొత్త చిక్కొచ్చింది. డీకన్ స్ట్రిక్లర్ ఓటింగు ఆపాడు. ఓడిపోయామని కాదు. "మైదానంలో పరిశుద్ధ లేఖనాన్ని బూతులాగా అరిచారు, పిల్లలు దానికి పరుగెత్తారు. కోచ్ వాళ్ళకు లేఖనాన్ని ఎగతాళి చెయ్యడం నేర్పుతున్నాడా అని విచారించాలి" అన్నాడట. బాస్కెట్‌బాల్ కాలం అయిపోగానే స్వయంగా వచ్చి ఆటగాళ్ళను ప్రశ్నిస్తాడు. ఆమీద ఓటు. ఓడిన కోచ్‌కి వేరేచోట పని దొరుకుతుంది. లేఖనాన్ని ఎగతాళి చేసినవాడికి ఈ రాష్ట్రంలో ఏ కళాశాలా తలుపు తెరవదు.

ఇక్కడ పాత ప్రార్థనా మందిరంలో ఆట మొదలైంది. ఒక మూల ఇనుప పొయ్యి ఉంది. బంతి కోసం వెనక్కి నడిచినవాడు దానిమీద కూర్చోకుండా ఉండటమే మొదటి పాఠం. దూలాలు కిందికి ఉన్నాయి, అందుకే మావాళ్ళు బంతిని బల్లపరుపుగా విసురుతారు. ఇప్పటికి రెండు గెలిచాం.

ఒక్కటే కోరుతున్నాను. డీకన్‌కి ఉత్తరం రాయకు. రాకు. నాకు నేనే నిలబడాలి.

డెల్మర్


ప్లమ్ ఫోర్క్
1926 జనవరి 11

తమ్ముడూ,

ఏలీయాలా ఆకాశంనుంచి అగ్ని దింపుదామని మూడుసార్లు కలం ఎత్తాను. మూడుసార్లూ దించాను. నేను లేఖనాన్ని ఎగతాళి చెయ్యడమేమిటి! పాలకు బదులు దాన్నే తాగి పెరిగాను. అయినా నోరు మూసుకున్నాను. ఈ శీతాకాలంలో ప్లమ్ ఫోర్క్‌లో జరిగిన అద్భుతం ఇదొక్కటే అని లవీనియా ఊరంతా చెబుతోంది.

ఊరికే కూర్చోలేక పాత గుర్రపు మెడపట్టీ ఒకటి దుకాణం తలుపు మీద మేకుకు తగిలించాను. గోధుమపిండి సంచీలో గుడ్డపేలికలు కుక్కి బంతి కుట్టాను, అంచులు రెండు వరసలు. నీ బుట్టాట ఏమిటో చూద్దామని. ఆదివారం బడి పిల్లలు మంచులో కూడా వదలడం లేదు. నేనూ ఒకటి వేశాను! చెయ్యి ఊరికే పైకి పోదు, మోకాళ్ళ దగ్గరే మొదలవుతుంది కదూ? ప్రార్థన లాంటిదే. మోకాళ్ళు వంచందే పైకి వెళ్ళదు. ఈ ముక్క పోయిన ఆదివారం ప్రసంగంలో చెప్పాను. ఇద్దరు ఏడ్చారు.

విచారణ రోజు ఉపవాసం ఉంటాను. ఎప్పుడో రాయి.

టిర్జా


కార్బెట్
1926 మార్చి 2

అక్కా,

నిన్న సాయంత్రం జట్టు విందు. బాస్కెట్‌బాల్‌లో పన్నెండు ఆడి తొమ్మిది గెలిచామని వంటావిడ రెండు కోళ్ళు ఎక్కువ వేయించింది. డీకన్ స్ట్రిక్లర్ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ప్రార్థన అయీ అవగానే ఎవరిని అడగాలా అని చూశాడు. ఎవరిని ఎంచుకున్నాడనుకున్నావు? గున్నార్‌ని!

"ఏం బాబూ, నవంబరులో ఆ స్త్రీ అరిచిన మాటలకు అర్థం తెలుసా నీకు? ఊరికే అరుపా?"

గున్నార్ నిదానంగా మూతి తుడుచుకున్నాడు. "చూపిస్తానండి" అని గిన్నెలోంచి ఒక రొట్టె తీసి బల్ల మధ్యలో పెట్టాడు. "ఇది హాయండి. మొదటిసారి వీళ్ళు తేలిగ్గా తీసుకున్నారు. మూడువేలమంది చాల్లే అనుకున్నారు. తన్నులు తిన్నారు. అసలు కారణం, వాళ్ళలో ఒకడు దొంగసొత్తు గుడారంలో దాచాడు. ఒకడి తప్పుకి అందరూ ఓడారు. మాక్కూడా అంతేనండి, ఒకడు పట్టు వదిలితే లైనంతా పోతుంది." ఉప్పు డబ్బా తీశాడు. "వీళ్ళు పారిపోయేవాళ్ళు." మిరియాల డబ్బా రొట్టె వెనక పెట్టాడు. "వీళ్ళు పొంచినవాళ్ళు." నా చెంచా లాక్కున్నాడు. "ఇది బల్లెం. ఎత్తాక ఆయన చెయ్యి దించలేదండి, పని అయ్యేదాకా. అది ముఖ్యం. నొప్పి పుట్టి ఉంటుంది."

డీకన్ ముందుకు వంగాడు. "తరవాత?"

"తరవాత" అన్నాడు గున్నార్, చాలా విచారంగా, "యెహోషువను పదిహేను గజాలు వెనక్కి పంపించారండి."

అక్కా, డీకన్ మొహం ఎర్రబడింది. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆయనకే అలవాటు లేక దగ్గు వచ్చింది. వంటావిడ నీళ్ళు తెచ్చింది.

"ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో యెహోషువ చెబుతున్నాను" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యి ఎందుకు దించలేదో ఒక్కడూ చెప్పలేదు. క్విన్‌బీ, మీకు ఎవరు నేర్పారు ఇది?"

"గొడుగెత్తిన ఆవిడేనండి" అన్నాను.

ఇవాళ పొద్దున ఓటు వేశారు. నేను ఉంటున్నాను. ఫుట్‌బాల్ ఉంటుంది, బాస్కెట్‌బాల్ ఉంటుంది. పొయ్యి చుట్టూ కంచె కూడా కట్టిస్తారట. డీకన్ ఒకటే షరతు పెట్టాడు. లోగన్‌వేల్ ఆట ఉన్న రోజు ఉదయం నువ్వు కళాశాల ఆరాధనలో ప్రసంగించాలి. ఏటేటా.

"ఉదయం పూర్తిగా గంటన్నర ఇద్దాం" అన్నాడు తోటి ధర్మకర్తలతో. "మధ్యాహ్నానికి ఆవిడకు గొంతు మిగలకూడదు."

నీ తమ్ముడు,
కోచ్ డెల్మర్ క్విన్‌బీ


ప్లమ్ ఫోర్క్
1926 మార్చి 9

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన తమ్ముడూ,

స్తోత్రం! స్తోత్రం! ఉత్తరం చదివి మెడపట్టీలోంచి వరసగా బంతులు వేశాను. లవీనియా కిటికీలోంచి చూసి, "ఏమైందే టిర్జా, పిచ్చెక్కిందా?" అంది. "మా తమ్ముడు కాలేజీలో ఏం చెప్తాడో ఇప్పుడు తెలిసిందే" అన్నాను. "ఏం చెప్తాడు?" "చెయ్యి దించకుండా ఉండటం."

ముక్కాలిపీట పొయ్యిలో వేశాను. చలికి బాగా కాలింది.

గున్నార్‌కి నా తరఫున ఒక తోలు నడుంపట్టీ కుడుతున్నాను. నడుం కొలత పంపు. ఎద్దుకు కుట్టే లెక్కన మొదలుపెట్టాను.

డీకన్ గారికి నా వందనాలు చెప్పు. నవ్విన మనిషిమీద నాకు కోపం ఉండదు. ఆయన షరతు ఒప్పుకుంటున్నాను. కానీ గంటన్నరలో నా గొంతు అరిగిపోతుందనుకుంటున్నాడు, పాపం. గుడార కూటాల్లో పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా చెప్పినదాన్ని. ఆయనకు ఈ సంగతి నువ్వు చెప్పకు. వాక్యం చెప్పే అవకాశం ఎందుకు పోగొట్టుకోవడం!

అయినా భయపడకు. ప్రసంగం అయ్యాక, జెకర్యా దేవాలయంలోంచి మూగవాడై బయటికి వచ్చినట్టు నేనూ వస్తాను. చర్చి ఆడవాళ్ళ మధ్య పై వరసలో కూర్చుంటాను. కేకు నోటినిండా పెట్టుకుంటాను. యెహోషువ లోపల లేచినా కూర్చోమంటాను.

గొడుగు మాత్రం తెస్తాను. నవంబరు కదా, వాన పడొచ్చు.

నీ అక్క,
టిర్జా